నలభై నాలుగు కిలోలు

జూన్ 4. నీరు ఇంటి నేల పలకలకు ముప్పై ఎనిమిది అంగుళాల కింద.

నా భార్య హైమావతి నిన్న పోయింది. ఆ రోజు జరిగింది ఇది.

ఉదయం ఐదుకు లేచింది. పొయ్యి దాకా నేనే పట్టుకుని నడిపించాను. కాఫీ తనే కలుపుతానంది. చెయ్యి నిలవలేదు. నేను కలిపి ఇచ్చాను. రెండు గుక్కలు తాగి, చక్కెర ఎక్కువైందని చెప్పింది. ఎనిమిదికి ఆస్పత్రి పడవ వచ్చింది. ఎక్కే ముందు ఈ పుస్తకం నా చేతికిచ్చి, "నీరు కొలిచి రాయడం మర్చిపోకండి" అంది. పడవ మెట్ట రేవు చేరకముందే, పదకొండూ ఇరవైకి, ఊపిరి ఆగింది. నర్సు గడియారం చూసి చెప్పింది. నేనూ నా గడియారం చూశాను. రెండు నిమిషాల తేడా ఉంది. సాయంత్రం మెట్ట మీదే దహనం చేశాం. నత్తలంకలో పొడి నేల లేదు.

ఇది మా ఇంటి ఎత్తు పుస్తకం. లంకలో ప్రతి ఇంటికీ ఒకటి ఉండాలి. నీరు ఎంతకొచ్చిందో, ఇంటిని జాకీల మీద ఎంత లేపామో రోజూ రాయాలి. ముప్పై ఒక్క ఏళ్ళు ఆమే రాసింది. నేను కాలేజీలో కొలతలు పాఠం చెప్పేవాణ్ణి. ఇంట్లో కొలతలు ఆమెవి.

ఈ రోజు తొలి పడవలో ఇంటికి వచ్చాను. ఆరుకు బీమా కంపెనీ గొంతు ఎప్పటిలాగే గోడలోంచి పలకరించింది.

"నమస్కారం. ఇంట్లో అందరూ క్షేమమేనా?"

నేను జవాబు చెప్పేలోగా మళ్ళీ ఆ గొంతే అంది. "ఇంటి బరువు నలభై నాలుగు కిలోలు తక్కువగా ఉంది. హైమావతి గారు బయటికి వెళ్ళారా?"

"వెళ్ళింది."

"ఎప్పుడు వస్తారు?"

"వస్తుంది" అన్నాను.

అబద్ధం చెప్పాలని అనుకోలేదు. నోటికి అదే వచ్చింది.

జూన్ 17. నీరు ముప్పై ఆరు.

పదకొండో రోజు కార్యక్రమం మొన్న ఇంట్లోనే జరిగింది. ఇరవై మంది దాకా వచ్చారు. బరువు పరిమితి దాటిందని, అతిథులను వెంటనే కిందికి పంపమని గొంతు మూడుసార్లు చెప్పింది. భోజనాలు పడవల్లోనే పెట్టాం.

కంపెనీకి మెట్ట మీద రాసుకునే చావుల పుస్తకంతో పని లేదు. నాలుగు స్తంభాల కింద నాలుగు తూకాలున్నాయి. వాటినే నమ్ముతుంది. ఇంట్లో ఎవరు ఏ మూల ఉన్నారో కూడా వాటికి తెలుస్తుంది. ఒక మనిషి బరువు పదిహేను రోజులు కనపడకపోతే ఆ పేరు కొట్టేస్తుంది. అప్పుడు ఇది ఒంటి ఇల్లు అవుతుంది. ఒంటి ఇంటికి బీమా లేదు. తుఫాను వస్తే ఉత్తరం జాకీ పిడి ఒకరు, దక్షిణం పిడి ఒకరు ఒకేసారి తిప్పితేనే ఇల్లు సమంగా లేస్తుంది. ఒక్కడు తిప్పలేడు. ఇళ్ళన్నీ గొలుసుతో కట్టి ఉంటాయి కనక ఒకటి ఒరిగితే పక్కదాన్ని లాగుతుంది. అందుకని ఒంటి ఇంటి గొలుసు తెంచి, ఇల్లు దించి, మనిషిని మెట్ట షెడ్లకు పంపుతారు. ఈ నియమంలో లెక్క తప్పు లేదు. నేనైనా ఇలాగే రాసేవాణ్ణేమో.

ఆమె బరువు కనపడక ఈ రోజుకి పద్నాలుగు రోజులు. మెట్ట నుంచి పడవలో తెచ్చిన ఉప్పు రెండు బస్తాల్లో నింపాను. ఒక్కోటీ ఇరవై రెండు కిలోలు. కాలేజీ తక్కెడలో తూచాను. పాత గ్యాస్ బండ స్టాండు చక్రాలు ఊడదీసి ఒక పీటకు బిగించాను. బస్తాలు పీట మీద పెట్టాను. పీటను వాకిట్లోంచి లోపలికి తోశాను.

"హైమావతి గారికి స్వాగతం" అంది గొంతు.

జూన్ 29. నీరు ముప్పై ఏడు.

ఉదయం ఐదుకు పీట పొయ్యి దగ్గర ఉండాలి. ఏడుకు పెరటి వసారాలో. తొమ్మిదికి మళ్ళీ పొయ్యి. పన్నెండున్నరకు భోజనాల బల్ల. రాత్రి తొమ్మిదికి బస్తాలను ఒకదాని తరవాత ఒకటి మంచం మీదికి ఎత్తాలి. గోడ వైపు పెట్టాలి. అది ఆమె వైపు.

కదలని బరువును కంపెనీ సామాను కింద రాసుకుంటుంది. అందుకని కదుపుతున్నాను. ఆమె దినచర్య అంతా నాకు తెలుసనుకున్నాను. మధ్యాహ్నం రెండు దాటాక ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఆ వేళకు నేను ఎప్పుడూ ఇంట్లో లేను. ఉద్యోగం మానేశాక ఉన్నాను, కానీ పడుకునేవాణ్ణి.

పాత రికార్డు కావాలని కంపెనీని అడిగాను. ఇంటి బరువు పటాలు పదేళ్ళవి పంపింది. మధ్యాహ్నమంతా ఆమె బరువు ఇల్లంతా తిరుగుతూ ఉంది. నాలుగుకు పది నిమిషాల ముందు మాత్రం నైరుతి మూలకు వెళ్ళి నిలిచేది. ఇరవై నిమిషాలు, ఒక్కోసారి నలభై. రోజూ. ఆ మూలలో కిటికీ తప్ప ఏమీ లేదు.

వెళ్ళి నిలబడ్డాను. అక్కడి నుంచి కాలేజీ పడవ ఆగే రేవు కనిపిస్తుంది.

నేను ఉద్యోగం మానేసిన నెల నుంచి పటంలో ఆ నిలబడటం లేదు.

జూలై 22. నీరు ముప్పై మూడు. ఒక చుట్టు లేపాను.

మామూలు రోజుల్లో ఒక్కడినే లేపగలను. ఉత్తరం పిడి పావు చుట్టు, ఇల్లంతా దాటి వెళ్ళి దక్షిణం పిడి పావు చుట్టు. ఒక చుట్టుకు ఎనిమిదిసార్లు ఇల్లు దాటాలి. గంట పట్టింది.

పక్కింటి ఏసుదాసు వల అల్లుకుంటూ చూస్తున్నాడు. వాళ్ళ వసారాకూ మా వసారాకూ మధ్య ఆరడుగుల నీరు.

"ఏటండి మేష్టారూ, ఇల్లు లేపుతున్నారా, ప్రదచ్చిణాలు చేత్తున్నారా?"

"రెండూ."

"ఓ కేకేత్తే నేనొత్తాను కదండీ."

"నీ బరువు మీ ఇంట్లో తగ్గితే కంపెనీ అడుగుతుంది."

"సేపలకెళ్ళానంటానండి. ఎండాకాలం నుంచీ సేపలకే ఎళ్తన్నాను, ఒక్కటీ పడ్డం లేదంటాను. అది నిజమే కదా!" అని తనే నవ్వాడు. లోపలినుంచి వాళ్ళావిడ మార్తమ్మ అరిచింది. "ఆయన్ని కూకోబెట్టి మాట్టాడించమాకు. అన్నం తిన్నారో లేదో అడుగు ముందు."

తిన్నానని చెప్పాను. తినలేదు.

ఏసుదాసుకు బస్తాల సంగతి తెలుసు. ఆ మాట ఎప్పుడూ ఎత్తడు. పొయ్యి దగ్గర పీట ఉంటే మాత్రం, "అమ్మగారు వంటింట్లో ఉన్నట్టున్నారు" అన్నట్టు తల పక్కకు తిప్పుకుంటాడు.

ఆగస్టు 9. నీరు ముప్పై ఒకటి. ముసురు.

ఉప్పు చెమ్మ పీల్చుకుంటుందని నేను మర్చిపోవడమేమిటి! ముప్పై ఏళ్ళు కొలతలు పాఠం చెప్పినవాణ్ణి.

వారం రోజులుగా ఎండ లేదు. ఈ ఉదయం గొంతు ఇలా అంది: "హైమావతి గారి బరువు రెండున్నర కిలోలు పెరిగింది. ఆరోగ్యం కోలుకుంటున్నందుకు అభినందనలు."

గొంతు జవాబు కోసం ఆగింది. థాంక్స్ చెప్పాను.

రాత్రి మంచం మీదికి ఎత్తాక బస్తాల అడుగు నుంచి ఉప్పునీరు కారడం మొదలైంది. పక్క బట్ట తడిసింది. నీరు పలకల సందుల్లోంచి కిందికి పోయింది. రేపటికి బరువు తగ్గుతుంది. తగ్గితే మళ్ళీ జబ్బు చేసిందంటుంది. కొత్త ఉప్పు కలిపి తూచాను.

ఆగస్టు 24. నీరు ముప్పై రెండు.

ఎమ్మెల్యే నూకరత్నం వచ్చింది. చిన్న పడవ తనే నడుపుకుంటూ వచ్చింది. లోపలికి రాలేదు. వసారా కింద పడవ ఆపి, పైకి చూస్తూ మాట్లాడింది.

"లోపలికొత్తే నా బరువు కూడా రాసుకుంటాడు కదండీ మీ గోడలో ఆయన. ఇక్కడే బాగుంది."

మా కాలేజీలోనే చదివింది. వాళ్ళ నాన్న జాకీ మేస్త్రి.

"కొలతల పరీచ్చలో నన్ను రెండుసార్లు తప్పించారు. గుర్తుందా మేష్టారూ?"

"మూడుసార్లు."

"అదుగో, లెక్క మీరు తప్పరు. అందుకే వచ్చాను."

సభలో తను రెండు బిల్లులు పెట్టిందట. మొదటిది బీమా మీద. పక్కింటివాళ్ళు ఎవరైనా రెండో చెయ్యి వేస్తే, ఒంటి ఇంటికి కంపెనీ బీమా ఇవ్వనని అనకూడదు. తుఫాను వేళ ఆ మనిషి ఒంటి ఇంట్లో జాకీ తిప్పుతూ ఉంటే, తన ఇంట్లోనే ఉన్నట్టు లెక్క కట్టాలి. ఈ జూన్ నుంచే అమలు. రెండో బిల్లు, అలా చెయ్యి వేసినవాళ్ళకు ఇంటి పన్నులో రాయితీ.

"బాగానే ఉంది" అన్నాను.

"బాగానే ఉంది కానీ చచ్చేలా ఉందండి. కంపెనీ వాళ్ళు ఉపసంఘం ముందు కాగితం పెట్టారు. నత్తలంకలో మూడొందల పన్నెండు ఇళ్ళు, ఒంటి ఇల్లు ఒక్కటీ లేదంట. ఇరవై ఏళ్ళ నుంచీ లేదంట! మనోళ్ళకి చావే లేదు మేష్టారూ. లేని ఇంటికి చట్టం ఎందుకమ్మా అని అడుగుతున్నాడు అధ్యక్షుడు. ఏం చెప్పను?"



తను మా ఇంటి అడుగు వైపు వేలు చూపించింది. "మీరు పైనుంటారు కాబట్టి చూసుండరు. కిందనుంచి వచ్చేవాళ్ళకి కనపడుద్ది. తెల్ల చార."

"ఎవరైనా ఒక్కరు వచ్చి చెప్పాలి" అంది మళ్ళీ. "సెప్టెంబరు ఇరవై రెండున ఆఖరు కూర్చోడం. నేను చెబితే ఎమ్మెల్యే కబుర్లంటారు. తూకం తెలిసినోళ్ళు చెబితే వింటారు."

"నేను చెబితే నా ఇల్లు?"

కాసేపు తెడ్డుతో నీళ్ళు కదిపింది. "మాట ఇవ్వలేనండి. బిల్లు ఒంటి ఇంటిని కాపాడుద్ది, దాచిన బరువుని కాదు. మీరు దాచారు. దించేత్తారేమో. అబద్ధం చెప్పి తీసుకెళ్ళలేను మిమ్మల్ని."

రానని చెప్పాను. నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

ఈ ఇల్లు తప్ప హైమావతి నిలబడిన చోటు నాకు ఇంకోటి లేదు.

ఆగస్టు 25. నీరు ముప్పై రెండు.

మధ్యాహ్నం పడవ వేసుకుని కిందనుంచి చూశాను. మా ఇంటి పలకల అడుగున, పడకగది కింద, తెల్లగా పేరుకుని ఉంది. అక్కడి నుంచి స్తంభం పొడుగునా నీటి దాకా చార దిగింది.

అలాగే లంకంతా తిరిగాను. పదకొండు ఇళ్ళ కింద ఉంది. పోస్టాఫీసు వెనక ఇంట్లో ఉండే దర్జీ భార్య కిందటేడు పోయింది. అతని వంటగది కింద చార మోచేతి మందం ఉంది. అతను వసారాలో కూర్చుని గుండీలు కుడుతున్నాడు. నన్ను చూశాడు. నేను చారను చూడటం కూడా చూశాడు. ఇద్దరం తలలూపుకున్నాం.

అందరం ఉప్పే వాడాం. ఇంకేదీ ఎవరికీ తట్టలేదు.

నాలుగుకు పది నిమిషాల ముందు ఇంటికి చేరాలని తొందరగా తెడ్డు వేశాను. పీట నైరుతి మూలకు తొయ్యాలి.

సెప్టెంబర్ 15.

నిన్న తుఫాను. నీరు కొలవలేదు. కొలిచే కర్ర పోయింది.

మధ్యాహ్నం రెండుకు సైరన్ మోగింది. మూడుకల్లా నీరు పలకలకు పదిహేను అంగుళాల కింద దాకా లేచింది. పావు చుట్టు, నడక, పావు చుట్టు. తరవాత నడక కాదు, పరుగు. నాకు అరవై మూడు. నాలుగో చుట్టులో దక్షిణం వైపు కాలు జారి పడ్డాను. లేచేసరికి ఉత్తరం ఎత్తు, దక్షిణం పల్లం. చక్రాల పీట తనంతట తనే దొర్లుతూ వచ్చి నా పక్కన గోడకు ఆనుకుంది. గొలుసు బిగిసి ఏసుదాసు ఇల్లు కిర్రుమంది.

వాళ్ళ వసారా మీంచి ఏసుదాసు మా వసారాలోకి దూకాడు.

"ఉత్తరం నాదండి! మీరక్కడే ఉండండి. లెక్క చెప్పండి, లెక్క!"

నేను లెక్క చెప్పాను. ఒకటి అనగానే ఇద్దరం తిప్పాం. రెండు. మూడు. హైమావతీ నేనూ ఇలాగే చేసేవాళ్ళం. లెక్క ఆమె చెప్పేది. పదకొండు చుట్లకు ఇల్లు సమానమైంది. పందొమ్మిది చుట్లకు నీటిని దాటింది.

ఆ సేపంతా మార్తమ్మ వాళ్ళింట్లో ఒక్కతే ఒక పిడి దగ్గర ఉంది. రెండోది తిప్పేవాళ్ళు లేరు. మేం పందొమ్మిది అనేసరికి వాళ్ళ దక్షిణం స్తంభం పట్టీ పగిలింది. కప్పు సగం నీళ్ళలోకి పోయింది. మార్తమ్మ చెయ్యి విరిగింది.

సెప్టెంబర్ 18. నీరు ఇరవై తొమ్మిది. కొత్త కర్ర.

ఏసుదాసు వాళ్ళు మా ముందు గదిలో ఉంటున్నారు. బంధువులని కంపెనీకి చెప్పాను. ఏడు రోజులకు మించి కుదరదంది.

వాళ్ళకు కంపెనీ నుంచి జవాబు వచ్చింది. ఏసుదాసు నాచేత చదివించుకున్నాడు. తుఫాను వేళ ఇంట్లో ఒక్కరి బరువే ఉంది. ఇంటి యజమాని జాకీ వదిలి వెళ్ళాడు. కాబట్టి బీమా వర్తించదు. ఇల్లు దించబడుతుంది.

"నువ్వు ఎక్కడున్నావని అడిగారా?"

"అడిగారండి. పడవ కొట్టుకుపోతంటే పట్టుకోడానికెళ్ళానన్నాను."

"ఎందుకలా చెప్పావు?"

"మరేం చెప్పమంటారు? మీ ఇంట్లో ఉన్నానంటే, అక్కడ మొగుడూ పెళ్ళాం ఇద్దరున్నారు కదా, నువ్వెందుకెళ్ళావంటారు. అప్పుడు మీ బత్తాలు బయటికొత్తాయి." మొదటిసారి వాటి పేరెత్తాడు. ఎత్తినందుకు నొచ్చుకున్నట్టు వెంటనే మార్తమ్మ కట్టు సర్దడం మొదలుపెట్టాడు.

మార్తమ్మ మంచంలోంచి అంది: "పోతే పోయిందండి, కొంప. అమ్మగారు ఉన్నప్పుడు నా రెండు కాన్పులూ ఆ చేతుల మీదే అయ్యాయి. ఆ మాత్రం మేం చెయ్యలేమా?"

సాయంత్రం గొంతు నన్నూ అడిగింది. "తుఫాను వేళ మీ ఇంట్లో మీరు, హైమావతి గారు కాక డెబ్భై ఒక్క కిలోల మూడో బరువు ఉంది. అది ఎవరిది?"

తెలియదన్నాను. వాన నీరేమో అన్నాను.

సెప్టెంబర్ 21. నీరు ముప్పై.

మూడు రోజులు ఆలోచించాను. ఆలోచించడానికి నిజానికి ఏమీ లేదు. నా అబద్ధం ప్రకారం ఇంట్లో ఇద్దరున్నారు. ఇద్దరున్న ఇంటికి ఏసుదాసు రానక్కర్లేదు. రానక్కర్లేని చోటికి వచ్చాడు కనక అతని ఇల్లు పోతుంది. బరువులన్నీ సరిగ్గా ఉన్నాయి. మొదట రాసుకున్న పేరు ఒక్కటే తప్పు.

మధ్యాహ్నం నూకరత్నానికి కబురు చేశాను. గంటలో వచ్చింది. ఈసారి వసారా ఎక్కింది.

"ఆలోచించుకున్నారా?"

"బిల్లు నిలిస్తే ఏసుదాసు ఇల్లు నిలుస్తుందా?"

"నిలుత్తాది. జూన్ నుంచే అమలని రాశాను కదా. మీరు ఒంటి ఇల్లని తేలితే, అతను చెయ్యి వేసినోడు అవుతాడు. వదిలేసినోడు కాడు."

"తక్కెడ తీసుకురావాలా?"

"బత్తాలు తీసుకురండి చాలు. అధ్యక్షుడు ఎత్తి చూడాలి." తరవాత గొంతు తగ్గించింది. "మేష్టారూ, మీ ఇంటి సంగతి..."

"తెలుసు. మాట ఇవ్వక్కర్లేదు."

వెళ్తూ వెళ్తూ పోస్టాఫీసు వెనక ఆగిందట. దర్జీ కూడా వస్తానన్నాడని ఏసుదాసు చెప్పాడు. అతను వచ్చినా రాకపోయినా నేను వెళ్తాను.

ఏసుదాసు మాత్రం కోప్పడ్డాడు. "మా కొంప కోసం మీ కొంప దించుకుంటారేటండి? ఆవిడ తిరిగిన ఇల్లు!"

"ఆవిడ ఉంటే నిన్ను పిలిచి అన్నం పెట్టేది. నన్ను తిట్టేది" అన్నాను. అతనికి నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. జూన్ తరవాత ఇదే మొదలు.

నాలుగుకు పది నిమిషాల ముందు పీట తొయ్యలేదు. నేనే వెళ్ళి నైరుతి మూల నిలబడ్డాను. రేవులోకి కాలేజీ పడవ వచ్చింది. ఎవరెవరో దిగారు. అందరూ దిగిపోయేదాకా చూశాను.

రాత్రికి బస్తాలు మంచం మీదికి ఎత్తను. వాకిట్లో పెట్టాను.

రేపు ఉదయం ఐదుకు లేస్తాను. కాఫీ కలుపుతాను, చక్కెర తక్కువ వేస్తాను. ఆరుకు గొంతు, ఇంట్లో అందరూ క్షేమమేనా అని అడుగుతుంది. హైమావతి జూన్ మూడున పదకొండూ ఇరవైకి పోయిందని, ఇది ఒంటి ఇల్లని, మూడో బరువు ఏసుదాసుదని చెబుతాను. బస్తాలు నూకరత్నం పడవలోకి ఎక్కిస్తాను. ఎక్కే ముందు నీరు కొలిచి ఇందులో రాస్తాను.